బ్రేకు కర్రకి రెండో అంచు

"రేపొచ్చి కారు బ్రేకులు చెయ్యి," అంది అక్కయ్య ఫోనులో.

ఊరంతా అరచుట్టు అని పిలిచే ఆ మెకానిక్కు ఫోనుని చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "ఎవరనుకుని మాట్లాడుతున్నావు?" అన్నాడు.

"నీతోనేరా. నాకింకెంతమంది తమ్ముళ్ళున్నారు?"

"బ్రేకులంటున్నావు."

"అవును, బ్రేకులే. ఎల్లుండి పదింటికి తనిఖీ. పొద్దున్నే వచ్చెయ్, టిఫిను ఇక్కడే తిందువుగాని," అని పెట్టేసింది.

ఇందులో వింతేముందని మీకు అనిపించవచ్చు. మెకానిక్కుని బ్రేకులు చెయ్యమనడం దర్జీని బొత్తాం కుట్టమన్నట్టే కదా! కానీ ఆ ఇంటి సంగతి వేరు. గడిచిన పందొమ్మిదేళ్ళలో అరచుట్టు ఆ పాత కారులో కార్బురేటరు విప్పి కడిగాడు, తలుపుల బందులకి నూనె పోశాడు, హారను గొంతు బాగుచేశాడు, ఆఖరికి ఎవరూ చూడని గడియారాన్ని కూడా నడిపించాడు. బ్రేకు పెడలు వైపు మాత్రం కన్నెత్తి చూడనివ్వలేదు అక్కయ్య. కారణం చిన్నది కాదు. పందొమ్మిదేళ్ళ కిందట అతను బ్రేకులు చేసి ఇచ్చిన మర్నాడే, బావగారు ఆ కారులో లైబ్రరీ వాలు దిగుతున్నారు. పెడలు నేలకి ఆనేదాకా తొక్కారు. కారు ఆగలేదు. వాలు కింద విత్తనాల గిడ్డంగి గోడ ఉంది, అక్కడ ఆగింది. బావగారి కుడికాలు రెండు చోట్ల విరిగింది. అతుక్కుంది గానీ అరంగుళం పొట్టిగా అతుక్కుంది.

అప్పటి నుంచి అక్కయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు. "మెట్లు చూసుకుని దిగండి, మీ బావమరిది బ్రేకులు చేసిన కాలు అది," అనేది భర్తతో, వచ్చినవాళ్ళందరి ముందూ. చుట్టాలు అందుకున్నారు. చుట్టాల నుంచి ఊరు అందుకుంది. ఊరివాళ్ళు ఇంజన్లు అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు, బ్రేకులకి మాత్రం వంతెన అవతల ఇంకొకడి దగ్గరికి పోయేవాళ్ళు. ఆ ఇంకొకడికి పని రాదని అందరికీ తెలుసు. అయినా వాడి చేతిలో ఎవరి కాలూ విరగలేదు కదా, అదీ వాడి ఘనత!

అరచుట్టుకి ఈ పేరు కూడా బ్రేకుల వల్లే వచ్చింది. పాతకాలం బ్రేకుల్లో ప్రతి చక్రం వెనకా ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తూ పోతే చక్రం పట్టేస్తుంది. పట్టేసిన చోట ఆగి, అరచుట్టు వెనక్కి తిప్పితే చక్రం వదులుతుంది, ఇక సరిగ్గా ఉన్నట్టు. కుర్రతనంలో ఆ అరచుట్టు గురించి అతను చెప్పని చోటు లేదు. కూరలో ఉప్పెక్కువైతే "అరచుట్టు వెనక్కి తిప్పాల్సింది," అనేవాడు. పేరు అలా అంటుకుంది. ఆ ప్రమాదం తర్వాత అతను ఉప్పు గురించి కూడా మాట్లాడటం మానేశాడు. ఎందుకంటే తప్పు తనదేనని అందరికన్నా గట్టిగా నమ్మింది అతనే. ఎక్కడో ఒక అరచుట్టు ఎక్కువ తిప్పి ఉంటానని పందొమ్మిదేళ్ళుగా తనలో తాను నలిగిపోయాడు. ఏ చక్రమో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

ఆ తర్వాత ఆ కారు బ్రేకులు బావగారే చూసుకున్నారు. ఆయనది నక్షాలు గీసే ఉద్యోగం, గీత వెంట్రుకవాసి పక్కకి పోకూడదనే మనిషి. కుంటికాలు చాపుకుని కారు కింద దూరి సొంతంగా చేసుకునేవారు. రెండేళ్ళ కిందట ఆయన పోయారు. పోయే ముందు ఒక మాట చెప్పి పోయారు: కారు తనిఖీలో నెగ్గి రోడ్డు మీద తిరిగినంతకాలం అక్కయ్యది, తప్పిన రోజున ఆయన తమ్ముడిది.

ఆ తమ్ముడికి, అంటే అక్కయ్య మరిదికి, ఒక హోటలు ఉంది. హోటలు ముందు గదిలో కారుని నిలబెట్టి, నేలరాళ్ళు పగలకుండా ఇంజను తీసేసి, ఆ ఖాళీలో పూలకుండీలు పెడతాడట. మంచి మనిషే, చెడ్డవాడని ఎవరూ అనరు. కాకపోతే వదినని పలకరించడానికి వచ్చినప్పుడల్లా జేబులో కొలిచే టేపు తెస్తాడు.

* * *

మర్నాడు ఎనిమిదింటికల్లా అరచుట్టు షెడ్డులో ఉన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ చెరో మాట చెబుతాయి. అయినా కారుని జాకీతో ఎత్తి నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. అక్కయ్య స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. ఆవిడకి అరవై తొమ్మిది. ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, స్టూలు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. ఆ కాళ్ళు అలా ఆడిస్తూనే ఊరందరి మీదా తీర్పులు చెప్పగలదు.

"పిన్నులు చూడు, ఎలా అరిగిపోయాయో," అన్నాడు కింద నుంచి.

"నేను చూసి ఏం చేస్తాను? నువ్వు చూడు," అంది.

ఈ కారు బ్రేకుల్లో నూనె గొట్టాలూ అవీ ఉండవు. అంతా ఇనుమే. పెడలు తొక్కితే నేల కింద ఒక అడ్డకడ్డీ తిరుగుతుంది. దానికి తగిలించిన నాలుగు రాడ్లు నాలుగు చక్రాల్నీ లాగుతాయి. రాడ్డు కొసన పిన్ను, పిన్నుకొక కన్నం. డెబ్భై ఏళ్ళు లాగీ లాగీ గుండ్రంగా ఉండాల్సిన కన్నాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. ఒక్కో కన్నంలో ఆవగింజంత వదులు. అన్ని వదుళ్ళూ కలిస్తే పెడలు మూడంగుళాలు ఊరికే దిగిపోతుంది, కారుకి ఆ సంగతే తెలియదు. వంతెన అవతల మెకానిక్కయితే రాడ్లని పొట్టి చేసి సరిపెట్టేవాడు. అది కుంటివాడికి రెండో కాలు కూడా కోసి సమం చెయ్యడం లాంటిది. అరచుట్టు అలాంటి పని చెయ్యడు. పిన్నులన్నీ మార్చాడు, కన్నాలకి తొడుగుల్లా కొత్త బుష్షులు దిగ్గొట్టాడు, చక్రాల డ్రమ్ములు విప్పి లోపల వాటిని ఒరుసుకుని ఆపే షూలని గరుకు కాగితంతో రుద్దాడు. మధ్యాహ్నం మూడయింది. ఈ మధ్యలో అక్కయ్య రెండుసార్లు అన్నం తినమంది, మూడోసారి తిట్టింది, అప్పుడు తిన్నాడు.

ఇక సర్దుబాటు మిగిలింది. అది ఇద్దరు మనుషుల పని. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రాలు తిప్పి చూడాలి. కానీ మనిషి కాలు ఒక్కోసారి ఒక్కోలా తొక్కుతుంది. అందుకే అరచుట్టు ఎప్పుడో, ఈ కారు కోసమే, ఒక కర్ర చేశాడు. కర్ర ఒక కొస సీటు ముందు అంచుకి ఆనుతుంది. రెండో కొసలో వరసగా మూడు మెట్లు కోసి ఉంటాయి. మొదటి మెట్టు పెడలుకి ఆనిస్తే పెడలు కొంచెం దిగుతుంది, నాలుగు చక్రాలూ అప్పుడే రాచుకోవడం మొదలుపెట్టాలి. రెండో మెట్టుకి ముందు చక్రాలు కష్టం మీద తిరగాలి, వెనకవి తిరక్కూడదు. మూడో మెట్టుకి ఏదీ తిరక్కూడదు. కర్ర కాలికి అలుపు లేదు, పరాకు లేదు.

"కర్ర ఉందా, పారేశారా?" అని అడిగాడు.

అక్కయ్య లేచి వెళ్ళి బావగారి పనిముట్ల పెట్టెలోంచి పాత చొక్కా గుడ్డలో చుట్టిన కర్ర తెచ్చి అతని చేతిలో పెట్టింది. పెట్టి, ఒక క్షణం వదల్లేదు. తర్వాత వదిలింది. "టీ పెట్టుకొస్తాను," అని లోపలికి పోయింది.

అరచుట్టు కర్రని సీటుకీ పెడలుకీ మధ్య దూర్చబోయాడు. దూరలేదు. బిగుతుగా ఉంది. "ఇదేంటి, కర్ర ఇలా బిగుసుకుపోతోంది?" అని పైకే అన్నాడు. ఆ మాట తన చెవిన పడగానే చెయ్యి ఆపేశాడు. ఎందుకంటే సరిగ్గా ఈ మాటే పందొమ్మిదేళ్ళ కిందట, ఇక్కడే, ఇదే సీటు ముందు వంగి అన్నాడు. అప్పుడు ఏం చేశాడో కూడా గుర్తొచ్చింది. అరిచేత్తో రెండు దెబ్బలు కొట్టి దూర్చేశాడు.

ఈసారి కొట్టలేదు. కర్రని బయటికి తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తను కోసిన మెట్లు తను కోసినట్టే ఉన్నాయి. కానీ అదే కొసలో, కర్రకి రెండో అంచున ఇంకో మూడు మెట్లున్నాయి. తను కొయ్యనివి. ఒక్కొక్కటీ తన మెట్టుకన్నా అంగుళంన్నర లోపలికి, గీత గీసినట్టు కోసి ఉన్నాయి. వాటి పక్కన నల్లసిరాతో, నక్షాల మీద రాసే పొందికైన అక్షరాల్లో, "కొత్త సీటుకి" అని రాసి ఉంది. కింద తేదీ. బావగారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నెల్లాళ్ళకి వేసిన తేదీ అది. సిరా చెరిగిపోకుండా పైన వార్నీషు కూడా పూశారు మహానుభావుడు.

కొత్త సీటేమిటి? అరచుట్టు సీటు ముందు అంచుని వేళ్ళతో తడిమాడు. తోలు కింద గట్టిగా తగిలింది. అడుగున రెండు మేకులు పీకి తోలు పైకెత్తి చూశాడు. అసలు చట్రానికి ముందుభాగాన అంగుళంన్నర మందం చెక్కపట్టీ కొట్టి ఉంది, దాని వెనక కొత్తగా కూరిన పీచు. పట్టీ మీద దర్జీ సుద్దముక్కతో రాసుకున్న కొలత, తేదీ ఇంకా మాసిపోలేదు. ప్రమాదానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు.

ఆ ఏడే అక్కయ్య కారు నేర్చుకుంది. స్టీరింగు పైనుంచి రోడ్డు కనపడేది కాదు. సీటు ఎత్తు చేయించుకుంది, అంతే. అందులో తప్పేముంది? కాకపోతే సీటు ఎత్తుతోపాటు ముందుకి కూడా పెరిగింది. కర్రేమో పాత సీటుకి చేసింది. పెరిగిన అంగుళంన్నరా పెడలుని ఎక్కువ కిందికి నెట్టింది. అక్కడ చక్రాలు పట్టేలా అరచుట్టు సర్దాడు. అంటే పెడలు నేలకి దగ్గరయ్యాక గానీ బ్రేకు పట్టదు. సమంగా ఉన్న వీధిలో ఒక చుట్టు తిప్పి చూసినప్పుడు ఆగింది. వాలులో డ్రమ్ములు వేడెక్కి ఉబ్బి షూలకి దూరమైతే ఆ మిగిలిన కాస్త దూరమూ సరిపోలేదు. ఏ చక్రంలోనూ అరచుట్టు ఎక్కువ కాలేదు. నాలుగూ సరిగ్గా ఉన్నాయి.

అరచుట్టు గోనెపట్టా మీద చతికిలబడ్డాడు. మొదట సంతోషం వేసింది. ఉన్నమాట చెప్పుకోవాలి, గంతులేయాలన్నంత సంతోషం. ఆ తర్వాత కర్ర మీది తేదీ మళ్ళీ చూశాడు, ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ! ఇదా మీరు చేసిన పని?" అన్నాడు ఖాళీ సీటుతో.

ఆయనకి తెలుసు. ఇంటికొచ్చిన నెల్లాళ్ళకే తెలుసు. కాలు విరగడానికి కారణం పెళ్ళాం కుట్టించుకున్న సీటని తెలిస్తే ఆవిడ కుంగిపోతుందని, నోరు కుట్టేసుకుని కొత్త మెట్లు కోసుకున్నారు. పెళ్ళాన్ని కాపాడుకున్నారు, బాగానే ఉంది, బావమరిది ఏమైపోవాలి? అక్కయ్య దెప్పినప్పుడల్లా ఆయన పళ్ళెంలోంచి తలెత్తకుండా "పోనీలెద్దూ, వాడు మాత్రం కావాలని చేశాడా?" అనేవారు. ఎంత దయ! ఆ ఒక్క మాట వినడానికే అరచుట్టు సిగ్గు చంపుకుని ఆ ఇంటికి వెళ్తుండేవాడు. ఇప్పుడా "పోనీలెద్దూ" తలుచుకుంటే ఆయన్ని ఇంకోసారి గోడకి గుద్దించాలనిపించింది.

చెప్పేద్దామనుకున్నాడు. వంటింటి వైపు చూస్తూ వాక్యం కూడా కూర్చుకున్నాడు. "అక్కయ్యా, ఆయన కాలు విరగ్గొట్టింది నువ్వు," అని. మరీ మొరటుగా ఉంది. "అక్కయ్యా, సీటు విషయం ఒకటుంది," అని మార్చాడు. ఎలా మార్చినా చివరికి అదే అర్థం వస్తోంది. ఆయన బతికుంటే ఆవిడ ఆయన దగ్గర ఏడ్చి తేలికపడేది. ఇప్పుడెవరి దగ్గర ఏడుస్తుంది? ఎవరు "పోనీలెద్దూ" అంటారు?

మేకులు తిరిగి కొట్టేశాడు. అక్కయ్య టీ తెచ్చేసరికి అతను బుద్ధిమంతుడిలా ఎడమ వెనక చక్రం తిప్పుతున్నాడు. ఇంతకీ ఆ టీ రావడానికి గంట పట్టింది, అతను గమనించలేదు.

"మొహమేంట్రా అలా ఉంది?" అంది.

"గ్రీజు," అన్నాడు.

టీ తాగి బావగారి మెట్లతో నాలుగు చక్రాలూ సర్దాడు. పట్టేదాకా బిగించాడు, అరచుట్టు వెనక్కి తిప్పాడు. మొదటి మెట్టుకి నాలుగూ ఒకేసారి రాచుకున్నాయి. ఆయన్ని తిట్టుకుంటూనే చేశాడు గానీ, మెట్లు మాత్రం ఎంత చక్కగా కోశారో అని అనుకోకుండా ఉండలేకపోయాడు.

* * *

ఊళ్ళో ఉన్నది ఒక్కటే వాలు. కాబట్టి తనిఖీ కూడా అక్కడే. లైబ్రరీ ముందు నుంచి దిగి, విత్తనాల గిడ్డంగి గోడకి పది బారల ఇవతల గీసిన తెల్లగీత దగ్గర ఆగాలి. ఆగాక చేతి బ్రేకు వెయ్యకుండా పెడలు మీదే అయిదు నిమిషాలు నిలబడాలి. గోడలో ఒకచోట ఇటుకలు మాత్రం మిగతావాటికన్నా కొత్తగా, ఎర్రగా ఉంటాయి. ఎందుకో ఇక చెప్పనక్కర్లేదు.

తనిఖీ అధికారి సన్నటి మనిషి. మొహం చూస్తే పాసో ఫెయిలో ఎవరూ చెప్పలేరు, భోజనం చేశాడో లేదో కూడా చెప్పలేరు. అక్కయ్య మరిది ముందే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. "వదినా, జాగ్రత్త! ఏమన్నా అయితే మనిషి ముఖ్యం, కారు ఎక్కడున్నా ఒకటే," అన్నాడు. జేబులో టేపు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

అక్కయ్య స్టీరింగు పట్టుకుంది. అరచుట్టు పక్క సీట్లో కూర్చున్నాడు. కర్ర కూడా తెచ్చుకున్నాడు, ఒకవేళ చివరి క్షణంలో సర్దాల్సి వస్తే ఉంటుందని. చెమటతో కర్ర జారిపోతోంది.

కారు దిగడం మొదలుపెట్టింది. లైబ్రరీ దాటింది, సైకిలు షాపు దాటింది. గోడ పెద్దదవుతోంది. అరచుట్టు కుడికాలు తనంతట తనే ముందున్న చెక్కని తొక్కింది. అక్కడ పెడలేమీ లేదు. అక్కయ్య మాత్రం తాపీగా, పెడలుకి పని చెప్పింది. అది సగం కూడా దిగకుండానే నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టాయి. కారు అటూ ఇటూ ఒరక్కుండా, చెప్పినమాట విన్నట్టు, గీత మీద ఆగింది.

అధికారి వచ్చి ముందు టైరు మీదా, దాని కింద రోడ్డు మీదా కలిసేలా సుద్దతో ఒక గీత గీశాడు. "కదిలితే ఫెయిలు. నేను పైన గదిలో కాగితం తెచ్చుకుని వస్తాను. కాలు తియ్యకండమ్మా," అని చెప్పి వాలెక్కి పోయాడు.

అక్కయ్య కాలు పెడలు మీద ఉంది. కళ్ళు ఎదురుగా ఎర్ర ఇటుకల మీద ఉన్నాయి.

"దొరికిందా?" అంది.

"ఏంటి?"

"ఆ రోజు కారెందుకు ఆగలేదో."

అరచుట్టు చొక్కా కొసతో కర్రకి అంటిన చెమట తుడిచాడు. తుడుస్తూనే, "దొరికింది. వెనక చక్రానికి అరచుట్టు ఎక్కువ తిప్పాను. తప్పు నాదే," అన్నాడు.

"ఛీ, నోర్మూసుకో! అరవై నాలుగేళ్ళొచ్చాయి, అబద్ధం చెప్పడం రాదు నీకు. సీటు కింద మేకులు పీకావు, తిరిగి కొట్టేటప్పుడు తోలు నలిపావు. పొద్దున్న చూశాను."

అరచుట్టు ఆవిడ సీటు అంచు వైపు చూశాడు. తోలు నలిగే ఉంది.

"కర్ర నీ చేతికిచ్చి టీ పెట్టడానికి పోయాను. టీకి గంట పడుతుందట్రా? నువ్వు చూడాలనే కదా పోయాను," అంది అక్కయ్య. కాలు మాత్రం పెడలు మీద అలాగే ఉంది. "ఆ రోజు నేను పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. కర్ర బిగుసుకుపోతోందేంటని నువ్వన్నావు. సీటు మార్పించానని నోటిదాకా వచ్చింది. నేను కారు నడిపితే 'అదిగో, డ్రైవరు లేని కారొస్తోంది' అని నవ్వేవారు మీ బావ. పీచు కూరించుకున్నానని తెలిస్తే ఇంకా నవ్వుతారని చెప్పలేదు. ఆ పాటి నవ్వుకి భయపడి మొగుడి కాలు విరగ్గొట్టాను."

"అక్కయ్యా..."

"ఉండు, చెప్పనీ. ఆస్పత్రిలో ఆయన కట్టు చూస్తుంటే తట్టింది. నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. ఈలోపు అందరూ నిన్ను అనడం మొదలుపెట్టారు. నేనూ అన్నాను. ఇంకెవరూ వేరే కారణం వెతక్కూడదని అందరికన్నా ఎక్కువ అన్నాను. అంటూ అంటూ అలవాటైపోయింది. పాపం, ఆయన ఏమీ తెలియకుండానే పోయారు."

అరచుట్టు ఇక్కడ ఊరుకుని ఉండవచ్చు. మంచివాడయితే ఊరుకునేవాడేమో. కానీ పందొమ్మిదేళ్ళు మాటలు పడ్డవాడు, ఎంతకని ఊరుకుంటాడు? కర్రని ఆవిడ ఒళ్ళో పెట్టి, రెండో అంచు పైకి తిప్పాడు.

అక్కయ్య ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆ మెట్లని ఒక్కొక్కటే తడిమింది. రాసింది చదివింది. తేదీ చదివింది. ఆ చేతిరాత ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. నీకు తెలియకూడదని ఆయన నోరు మూసుకున్నారు. ఆయనకి తెలియకూడదని నువ్వు మూసుకున్నావు. ఇద్దరూ కలిసి మధ్యలో నన్ను కూర్చోబెట్టి తిట్టారు! ఆ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు! ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు నా చేత బ్రేకులు చేయించుకోలేదే, పందొమ్మిదేళ్ళు!" అని అరిచాడు అరచుట్టు. గోడ పక్కనున్న మరిది ఉలిక్కిపడి కారు కదిలిందేమోనని టైరు వైపు చూశాడు.

అక్కయ్యకి కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోవడానికి వంగితే కాలు కదులుతుంది, అందుకని తుడుచుకోలేదు. కారుతుంటే కారనిచ్చింది. "తప్పు నాదేరా తమ్ముడూ. ఒట్టి నాదే. నిన్ను నానా మాటలూ అన్నాను," అంది.

ఈ మాట కోసం తను ఇన్నేళ్ళూ చూస్తున్నాడని అరచుట్టుకి అప్పుడే తెలిసింది. వినేసరికి కోపం ఎటు పోయిందో, వెతికినా కనపడలేదు.

"ఒట్టి నీదే ఎందుకవుతుంది? కర్ర బిగిసినప్పుడు వంగి చూడాలి. చూడకుండా అరిచేత్తో కొట్టి దూర్చాను. నాదీ ఉంది," అన్నాడు.

"ఎంత?"

"అరచుట్టు."

అక్కయ్య ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుకి ఒళ్ళంతా కదిలింది, కుడికాలు తప్ప.

అధికారి కాగితాలు పట్టుకుని వాలు దిగి వచ్చాడు. వంగి సుద్దగీత చూశాడు. టైరు మీది గీత, రోడ్డు మీది గీత ఒకదానితో ఒకటి అతికినట్టే ఉన్నాయి. లేచి అక్కయ్య మొహం చూశాడు.

"ఎందుకమ్మా ఏడుస్తున్నారు? నేనింకా ఏమీ చెప్పలేదుగా."

"మీరు చెప్పండి."

"పాసే." అని కలం తీశాడు. మరిది జేబులో టేపుని లోపలికి నొక్కుకున్నాడు. అధికారి కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ వచ్చి ఒకచోట ఆగాడు. "బ్రేకులు చేసింది ఎవరు? ఎప్పుడూ మీ వారి పేరే ఉంటుంది ఇక్కడ. అదే వెయ్యనా?"

"వద్దు. మా తమ్ముడు చేశాడు," అంది అక్కయ్య, గోడ దాకా వినపడేలా. ఇంటిపేరుతో సహా తమ్ముడి పేరు పూర్తిగా చెప్పింది. ఆ పేరుతో తనని ఎవరైనా పిలిచి ఎంతకాలమైందో అరచుట్టుకి గుర్తులేదు.

"సరే, రాస్తాను. అయిదు నిమిషాలయిందమ్మా, ఇక కాలు తియ్యొచ్చు," అన్నాడు అధికారి.

"ముందు ఆ పేరు రాయండి, తర్వాత తీస్తాను," అంది అక్కయ్య.